పెరటి ఎరువు

ప్రవేశిక

ఇంటి వ్యర్థాలను, తోట చెత్తను పెరటిలోని చిన్న తొట్టిలో ఎరువుగా మార్చే విధానాన్నీ, దాని వెనుకనున్న శాస్త్రాన్నీ, గుంటూరు, ప్రకాశం మైదానాల పత్తి, మిరప సేద్యంతో దానికి గల సంబంధాన్నీ ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో రచయిత స్వానుభవానికి ప్రాధాన్యం ఉన్నది.

పాఠ్యభాగం

తెలుగులో ‘ఎరువు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చేనికి వేసే సారం ఒకటి. అక్కరకు ఇరుగుపొరుగుల నుండి తెచ్చుకొని, పని తీరిన తరువాత తిరిగి ఇచ్చివేయవలసిన వస్తువు రెండవది. పెండ్లికి ఎరువు తెచ్చుకొన్న నగ ఈ రెండవ కోవకు చెందుతుంది. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అనే సామెత పుట్టింది దాని నుండే. ఈ రెండు మాటల మూలం ఒకటేనా, కాదా అన్నది భాషాశాస్త్రవేత్తలు తేల్చవలసిన విషయం. సేద్యగాని దృష్టిలో మాత్రం వాటి మధ్య పెద్ద భేదం లేదు. పంట రూపంలో చేను మనకిచ్చినదంతా ఎరువు సొమ్మే. దానిని తిరిగి చేనికి ముట్టజెప్పే పద్ధతికే ఎరువు వేయడమని పేరు.

‘పెంట’ అనే మాట సంగతి ఇంకా విచిత్రం. నేడు అది తిట్టుగా మారిపోయింది గాని, నల్లమల అడవులలోని చెంచుల ఆవాసాలను ఇప్పటికీ పెంటలనే వ్యవహరిస్తారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని పెంటపాడు వంటి గ్రామనామాలలోనూ ఆ మాట నిలిచి ఉన్నది. మనిషి నివాసానికీ, ఆ నివాసం వెనుక పోగుపడే పేడకుప్పకూ ఒకే మాట ఉండటంలో మన పూర్వులకు చిన్నతనం తోచలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సేద్యాన్ని పర్యవేక్షించే సీతాధ్యక్షుని ప్రకరణంలో గట్టి గింజలకు పేడ పూసి విత్తమన్న విధి ఉన్నది. రాజనీతిని బోధించే గ్రంథానికి పేడ ప్రస్తావన తగదని ఆ శాస్త్రకారుడు భావించలేదన్నమాట.

నరసరావుపేటకు సమీపంలోని మా ఊరిలో, నా బాల్యంలో, పెంటదిబ్బ లేని ఇల్లు ఉండేది కాదు. ఇంటి వెనుక దొడ్డిలో, గొడ్లచావిడికి నాలుగడుగుల దూరంలో ఒక గొయ్యి. సూర్యోదయానికి ముందే చావిడి ఊడ్చి, పేడను, గొడ్లు తినగా మిగిలిన చొప్పను, మూత్రంతో తడిసిన మట్టిని తట్టలతో ఎత్తి అందులో వేసేవారు. పొయ్యిలోని బూడిదా, వాకిలి ఊడ్చిన చెత్తా అక్కడికే చేరేవి. కూరగాయల తొక్కలు మాత్రం అంతదూరం పోయేవి కావు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, సొరకాయ చెక్కు, అరటితొక్క, అన్నీ కుడితి గోళెంలో పడేవి. సాయంకాలం గేదె ఆ కుడితి తాగేది. ఆనాటి వంటింటిలో ‘చెత్త’ అనదగిన పదార్థం దాదాపు ఉండేదే కాదని చెప్పవచ్చు. వేసవిలో, రోహిణి కార్తెకు ముందే దిబ్బ తవ్వి బండ్లతో ఎరువు తోలేవారు. చేలో కుప్పలు కుప్పలుగా దింపి, తొలకరికి ముందు చిమ్మేవారు. ఎవరి చేనికి ఎన్ని బండ్లు తోలారన్నది ఊరిలో గౌరవానికి కొలమానం.

ఈ వలయం ఒక్కనాటితో తెగిపోలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు నీటిని తెచ్చింది. జొన్న, సజ్జ పండిన నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప విస్తరించాయి. రసాయనిక ఎరువులు వచ్చాయి. ట్రాక్టరు రాగా ఎద్దులు తగ్గాయి, ఎద్దులు తగ్గగా పేడ తగ్గింది. వంటగ్యాసు రాగానే పొయ్యిలోకి పత్తి కట్టె అక్కరలేకపోయింది. ఒకప్పుడు ఆడవారు మోపులు కట్టి ఇంటికి మోసుకొని వచ్చిన ఆ కట్టెను నేడు చేలోనే కుప్పవేసి తగులబెడుతున్నారు. గేదె లేని ఇంటిలో కుడితి గోళెం లేదు. కాబట్టి సొరకాయ చెక్కు ప్లాస్టిక్ సంచిలో కెక్కి వీధి చివరకు చేరుతున్నది. ఈ మార్పులలో దేనినీ నేను తప్పు పట్టడం లేదు. పొగలో కళ్ళు పోగొట్టుకొని వండిన తల్లులకు గ్యాసు పొయ్యి వరమే. అయితే ప్రతి సౌకర్యం వెనుకా ఎక్కడో ఒక దారి మూసుకుపోతుందన్న సంగతిని గమనించక తప్పదు.

పత్తి కట్టెను తగులబెడితే అందులోని కర్బనం, నత్రజని గాలిలో కలిసిపోతాయి. బూడిదలో పొటాష్ వంటి లవణాలు మాత్రమే మిగులుతాయి. నల్లరేగడి స్వభావాన్ని ఎరిగినవారికి ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. ఈ నేల తడిస్తే కాలికి అంటుకొని విడవదు, ఎండితే చేయి దూరేంత నెర్రెలు విచ్చుకొంటుంది. దానిని గుల్లగా, వేరు పారే విధంగా ఉంచేది సేంద్రియ పదార్థమే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. పల్నాడు అనగానే మనకు మిరప గుర్తుకు వస్తుంది. కాని శ్రీనాథ మహాకవి సంచరించిన కాలానికి పల్నాటిలో మిరప లేదు. అమెరికా ఖండపు మొక్కయైన మిరపను పోర్చుగీసువారు పదునారవ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. పత్తి మాత్రం అనాదిగా ఉన్నదే. అంటే గుంటూరుకు ప్రపంచఖ్యాతి తెచ్చిన పంట మన నేలకు చుట్టపు చూపుగా వచ్చి, ఇంటి యజమానియై కూర్చున్నది. ఈ యజమాని ఆకలి తక్కువది కాదు. ఎకరం మిరపకు పది టన్నుల వరకు బాగా చివికిన పశువుల ఎరువు వేయాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సిఫారసు చేస్తారు.

పత్తి కట్టెను ఏమి చేయాలన్న ప్రశ్న మనకంటె ముందు మరొకరికి ఎదురయింది. సర్ ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్త 1905లో బీహారులోని పూసా పరిశోధనా సంస్థకు వచ్చాడు. 1924లో ఇందూరులో, అంటే మధ్యభారతంలోని ఇండోరులో, పత్తి పరిశోధనకై నెలకొల్పిన సంస్థకు అధిపతి అయ్యాడు. అదీ నల్లరేగడి నేలయే, అక్కడా పత్తియే పంట. పత్తి కట్టె, కంది కట్టె గట్టివి, తొందరగా చివకవు. వాటిని ముక్కలు కొట్టించడానికి ఖర్చు. హోవార్డ్ ఆ కట్టెను క్షేత్రంలోని బండ్లబాటపై పరిపించాడు. బండి చక్రాల కింద, గొడ్ల కాళ్ళ కింద అది నలిగింది. నలిగినదానిని చావిడిలో గొడ్ల కింద పరిచాడు. అది మూత్రంతో తడిసిన తరువాత పేడ, బూడిద, మట్టితో కలిపి నిస్సారమైన గోతులలో పొరలుగా వేశాడు. ఆ గోతులు లోతు తక్కువవి, గాలి ఆడేవి. మూడుసార్లు తిరగవేస్తే మూడు నెలలలో నల్లని ఎరువు సిద్ధమయింది. తన సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఈ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. లోకం దానిని ‘ఇండోరు పద్ధతి’ అన్నది. భారతీయ రైతును గురువుగా భావించానని చెప్పుకొన్న వినయం ఆయనది. మన పెంటదిబ్బకు ఆయన చేర్చిన ప్రధానాంశం ఒక్కటే: తిరగవేయడం.

దీనికి భిన్నమైన మార్గమూ ఉన్నది. బెంగుళూరులో డాక్టర్ సి. ఎన్. ఆచార్య 1939లో పట్టణ వ్యర్థాలకై రూపొందించిన పద్ధతిలో గోతిని నింపి, పైన మట్టితో మూసివేస్తారు. తిరగవేయరు. శ్రమ తక్కువ, కాలం ఎక్కువ. ఏది మేలన్నది మనిషికున్న ఓపికను బట్టీ, స్థలాన్ని బట్టీ ఉంటుంది. నాకున్నది నాలుగు గజాల పెరడు, గోడ అవతల పొరుగువారు.

పదవీ విరమణకు కొద్ది సంవత్సరాల ముందు నేను గుంటూరులోని మా ఇంటి పెరటిలో ఎరువు తయారుచేయ సంకల్పించాను. చదువుకొన్నవాని అహంకారం కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. బజారులో వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నాను. మూత బిగుతుగా ఉన్నది చూసి, వాసన రాదుగదా అని సంతోషించాను. శ్రావణ మాసం. రోజూ వంటింటి తొక్కలు, గోంగూర కాడలు, మిగిలిన అన్నం, చింతపండు పిప్పి అందులో వేసి మూత బిగించాను. నలభై రోజులకు మూత తీసినప్పుడు లోపల ఉన్నది ఎరువు కాదు. బూడిదరంగు ద్రవంలో తేలుతున్న ముద్ద. మురిగిన కోడిగుడ్డు వాసన. ఆ సాయంకాలమే గోడ అవతలి నుండి పొరుగాయన పిలిచాడు.

“మాస్టారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట. రెండు రోజులుగా కిటికీ తెరిచి అన్నం తినలేకపోతున్నామండీ.”

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు ఔచిత్యం గురించి పాఠం చెప్పిన నాకు ఆనాడు తలవంపు అయింది. డ్రమ్మును పారబోద్దామని నిశ్చయించుకొన్నాను. మా అమ్మ అడ్డుపడింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. చదువు లేదు. పెంటదిబ్బ తవ్వి తట్టలు మోసిన చేతులు.

“ఒరే అబ్బాయ్, దిబ్బకైనా ఊపిరి ఆడాలిరా. నువ్వు దాన్ని డబ్బాలో పెట్టి గొంతు పిసికావు. అంతా పచ్చిదే వేశావు. ఎండుది ఏదిరా?”

ఈ మాటలలో ఎరువు శాస్త్రం సమస్తం ఉన్నది. తరువాత నేను చదివిన పుస్తకాలు ఆమె మాటకు వ్యాఖ్యానాలు మాత్రమే.

ఎరువును తయారుచేసేది మనం కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటికి ఆహారం, నీరు, గాలి కావాలి. ఆహారంలో శక్తికై కర్బనం, దేహనిర్మాణానికై నత్రజని అవసరం. ఒక పాలు నత్రజనికి ఇరవై అయిదు నుండి ముప్ఫై పాళ్ళ కర్బనం ఉంటే అవి చురుకుగా పనిచేస్తాయి. ఎండుటాకులు, చొప్ప, రంపపుపొట్టు, పత్తి కట్టె కర్బనం అధికంగా గలవి. కూరగాయల తొక్కలు, పచ్చిగడ్డి, పేడ నత్రజని గలవి. ఇంటిలో త్రాసు పెట్టి లెక్కించడం సాధ్యం కాదు కాబట్టి, ఒక గిన్నె పచ్చి తొక్కలకు రెండు మూడు గిన్నెల ఎండుటాకులు అని కొలత పెట్టుకొంటే చాలు. పచ్చిది ఎక్కువైతే నత్రజని అమ్మోనియాగా మారి ముక్కు మండిస్తుంది. ఎండుది ఎక్కువైతే నెలలు గడిచినా కుప్ప కదలదు.

నీటి సంగతి గుప్పిట చెబుతుంది. కుప్పలో నూటికి 50 నుండి 60 పాళ్ళు తేమ ఉండాలని గ్రంథాలు అంటాయి. పిడికెడు తీసి గట్టిగా పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు రాలితే సరి. ధార కారితే ఎక్కువ. పొడిగా విడిపోతే తక్కువ. తేమ మితిమీరితే రేణువుల మధ్యనున్న ఖాళీలను నీరు ఆక్రమిస్తుంది, ప్రాణవాయువుకు చోటుండదు. అప్పుడు గాలి అక్కరలేని మరొక జాతి సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. మురిగిన గుడ్డు వాసన వాటి పనియే. నా మూత బిగింపు చేసిన ఘనకార్యం అది.

అమ్మ చెప్పినట్లు, పాత పట్టా ఒకటి పరిచి డ్రమ్ములోని ముద్దను దానిపై కుమ్మరించాను. వీధిలోని బాదం చెట్టు, వేపచెట్టు రాల్చిన ఎండుటాకులు రెండు గోనెసంచులు తెచ్చి కలిపాను. ఊరి నుండి మా తమ్ముడు తెచ్చిన తట్టెడు పేడ చేర్చాను. డ్రమ్ము అడుగునా, పక్కలా బొటనవేలు దూరేటన్ని రంధ్రాలు చేయించి, రెండు ఇటుకలపై నిలిపాను. అడుగున జానెడు ఎత్తు పత్తి కట్టె ముక్కలు వేసి ఆపై ఈ మిశ్రమం నింపాను. మూడవనాటికి వాసన తగ్గింది. అయిదవనాడు మా కళాశాల రసాయనశాస్త్ర విభాగం నుండి తెచ్చిన ఉష్ణమాపకాన్ని నడుమ గుచ్చితే 48 డిగ్రీలు చూపింది. బయట గాలి 33 డిగ్రీలే. ఆ పదిహేను డిగ్రీల తేడా చూసినప్పుడు కలిగిన సంతోషం నా పరిశోధన పట్టా చేతికి వచ్చిననాడు కూడా కలగలేదంటే మీరు నమ్మాలి.

తిరగవేయడం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. చాలామంది దానిని కలపడమనుకొంటారు. పైపైన కర్రతో కెలకడం తిరగవేయడం కాదు. కుప్పలో నడుమ భాగం వేడెక్కుతుంది, అంచులు చల్లగా ఉంటాయి, అడుగు తడిసి గడ్డకడుతుంది. తిరగవేయడమంటే అంచును నడుమకు, అడుగును పైకి తేవడం. గడ్డలను చేతితో చిదిపి, ఎండినచోట నీరు చిలకరించి, తడి ఎక్కువైనచోట ఎండుటాకు చేర్చి తిరిగి నింపడం. ఇందుకు రెండు డ్రమ్ములు ఉంటే ఒకదాని నుండి మరొకదానికి మార్చవచ్చు. అదే అత్యధిక సౌలభ్యం గల మార్గం. మొదటిదానిలో పైనున్నది రెండవదానిలో అడుగుకు పోతుంది, పని దానంతట అదే జరుగుతుంది.

ఎన్నాళ్ళకొకసారి? ఉష్ణమాపకమే గురువు. వేడి పెరిగి, నిలిచి, తగ్గుముఖం పట్టిందంటే లోపలి ప్రాణవాయువు తరిగిందని అర్థం. అప్పుడు తిరగవేస్తే మళ్ళీ వేడెక్కుతుంది. చిన్న తొట్టిలో మొదటి నెల ఇది వారానికొకసారి అవసరమవుతుంది. ఆపై పదిహేను రోజులకొకసారి చాలు. తిరగవేసినా వేడి పుట్టని దశ వచ్చినప్పుడు ఇక దానిని కదిలించక మాగనివ్వాలి. ఉత్సాహం కొద్దీ రోజూ తిరగవేసేవారున్నారు. అది అన్నం ఉడుకుతుండగా నిమిషానికొకసారి మూత తీసి చూడటం వంటిది. వేడి నిలవదు.

చిన్న తొట్టికి ఒక సహజమైన పరిమితి ఉన్నది. ఎటుచూసినా మీటరు కొలత గల కుప్ప తన వేడిని తానే కాపాడుకొంటుంది. 55 డిగ్రీలకు పైగా కొన్ని రోజులు నిలిచిన కుప్పలో తెగులు క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. వంద లీటర్ల డ్రమ్ము ఆ వేడిని నిలుపుకోలేదు. కాబట్టి తెగులు సోకిన మిరప మొక్కలను, కాయకుళ్ళు పట్టిన కాయలను, గులాబీరంగు పురుగు దాగిన పత్తి గుల్లలను చిన్న తొట్టిలో వేయరాదు. ఊరగాయ ముక్కలూ వద్దు, ఉప్పు సూక్ష్మజీవులకూ మొక్కలకూ పనికిరాదు. మాంసం, చేప, నూనె పదార్థాలు ఎలుకలను పిలుస్తాయి. మామిడి టెంక ఏడాదికి కూడా చివకదు. వేసినా చెడుపు లేదు గాని, తిరగవేసిన ప్రతిసారీ పలకరిస్తుంది.

మన ప్రాంతంలో సులభంగా దొరికే ఎండు పదార్థం ఒకటి ఉన్నది. మిరప తొడిమలు. గుంటూరు మిరపయార్డు పరిసరాలలోనూ, శీతల గిడ్డంగుల వద్దనూ ఆడకూలీలు తొడిమలు తీస్తుంటారు. ఒక ఏడాది నేను ఒక టిక్కీ నిండా తొడిమలు తెచ్చి డ్రమ్ములో కలిపాను. వాటితోపాటు గింజలు, కాయ తునకలు, ధూళి కూడా వచ్చాయి. వారం తరువాత తిరగవేయబోతే ఆవిరితోపాటు లేచిన ఘాటుకు నేనూ, మా ఇంటివారూ, గోడ అవతలి పొరుగాయనా ఏకకాలంలో తుమ్మాము. ఈసారి ఆయన నవ్వి ఊరుకొన్నాడు. ఆ ఏడాది తొట్టి అడుగుకు వానపాములు చాలా ఆలస్యంగా వచ్చాయి. కాబట్టి తొడిమలు వేయదలచినవారు బాగా జల్లించి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, కొద్దికొద్దిగా వేయడం మంచిది. పురుగుమందులు ఎక్కువగా కొట్టిన చేల చెత్తను తెచ్చేముందు కూడా ఆలోచించాలి. అన్ని మందులూ కుప్పలో విరిగిపోతాయన్న భరోసా లేదు.

ఖాళీ టిక్కీ గోనె మాత్రం అన్ని కాలాలలోనూ పనికివస్తుంది. మన వేసవిలో తొట్టికి వచ్చే కష్టం ఎండిపోవడం. వైశాఖ జ్యేష్ఠాలలో గాలి 42, 43 డిగ్రీలకు చేరినప్పుడు కుప్పలోని తేమ రెండు రోజులలో హరించిపోతుంది. తడిపిన గోనె కప్పి, చెట్టునీడకు జరిపితే నిలుస్తుంది. ఆశ్వయుజ కార్తికాలలో దీనికి విరుద్ధమైన కష్టం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే మూడు రోజుల ముసురు. ఆ రోజులలో తొట్టిపై రేకు కప్పాలి. ముసురు వెలిశాక ఒకసారి తిరగవేయాలి. ఎండుటాకులు వేసవిలోనే సంచులలో నిల్వచేసుకొన్నవారికి ఈ కాలంలో చింత ఉండదు. పప్పుధాన్యాల వలె దానినీ ఏడాదికి సరిపడా దాచుకోవాలని మా ఇంటివారికి నచ్చజెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

తొట్టిలో బొద్దుగా, బూడిదరంగులో ఉండే పురుగులు కనిపిస్తే భయపడనక్కరలేదు. అవి తొక్కలను తినే ఈగజాతి లార్వాలు. కుప్ప సమతూకానికి వస్తే తగ్గిపోతాయి. పెద్ద పేడదిబ్బలలో మాత్రం కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు గుడ్లు పెట్టే అవకాశమున్నది. తిరగవేసేటప్పుడు తెల్లగా, లావుగా, వంకర తిరిగిన పిల్లపురుగులు కనిపిస్తే ఏరివేయాలి.

ఎరువు సిద్ధమైనదీ లేనిదీ తెలుసుకోవడంలో నేను ఒకసారి తొందరపడి దెబ్బతిన్నాను. రెండు నెలలకే నల్లగా కనిపించిందని వంగనారు కుండీలలో వేశాను. వారానికి ఆకులు పసుపు తిరిగాయి. చివకని కర్బనం ఇంకా మిగిలి ఉంటే, దానిని తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని మొక్కకంటె ముందుగా లాగివేస్తాయి. అంటే ఎరువు వేశాననుకొన్న నేను ఆ మొక్కలకు ఆకలి వేశానన్నమాట. అటుపై మెంతులతో పరీక్షించడం నేర్చుకొన్నాను. గుప్పెడు ఎరువులో పది గింజలు చల్లి తడిపితే, నాలుగైదు రోజులలో ఎనిమిదైనా పచ్చగా మొలవాలి. మరొక పరీక్ష వాసన. మాగిన ఎరువుకు తొలకరి జల్లు పడిన నేల వాసన ఉంటుంది. ఇది కవిత్వం కాదు. తొలకరి నేలకూ, మాగిన ఎరువుకూ ఆ పరిమళాన్ని ఇచ్చేవి ప్రధానంగా ఆక్టినోమైసిటిస్ అనే ఒకే వర్గపు సూక్ష్మజీవులు. అమ్మ పరీక్ష అదే. “ముక్కే చెబుతుందిరా” అనేది.

ఇంతవరకు బాగానే ఉన్నది. మా తమ్ముడు ఊరిలో రెండెకరాల మిరప, మూడెకరాల పత్తి సాగుచేస్తాడు. అందులో సగం కౌలు. 1980వ దశకం మధ్యలో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టిననాడు, 1987–88లో ఈ రెండు జిల్లాలలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకొన్ననాడు వాడు కుర్రవాడు. 2021లో కొత్త రకం తామరపురుగు మిరప పూతను మాడ్చివేసినప్పుడు వాడే అప్పులో ఉన్నాడు. అందువల్ల నా డ్రమ్మును వాడు చూసిన చూపులో కొంచెం హాస్యం, కొంచెం కోపం కలిసి ఉండేవి.

“అన్నయ్యా, నీ డబ్బాలో ఎరువు నా చేలో ఏ మూలకు వస్తుంది? యూరియా కట్ట వేస్తే వారానికి చేను నల్లబడుతుంది.”

నేను కోపగించుకోకుండా లెక్క వేశాను. వాడన్నది నిజమే. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. 45 కిలోల కట్టలో దాదాపు 20 కిలోలు. పశువుల ఎరువులో నూటికి అరపాలు నత్రజని అనుకొంటే, అంత నత్రజనికి నాలుగు టన్నుల ఎరువు కావాలి. మా ఇంటిలో రోజుకు కిలో తొక్కలు, ఏడాదికి 365 కిలోలు. ఎండుటాకులు కలిపి చివికిన తరువాత మిగిలేది నూటయాభై కిలోలకు మించదు. ఎకరానికి కావలసిన పది టన్నులకు అటువంటి ఇళ్ళు అరవై డెబ్బై కావాలి. పెరటి తొట్టితో చేలు పండించవచ్చునని ఎవరైనా అంటే వారు లెక్క వేయలేదని అర్థం. అట్లాగే ఆ రెండు జిల్లాల కష్టాలకు ఎరువు లేమియే కారణమనడమూ న్యాయం కాదు. పురుగు, ధర, అప్పు, కౌలు, వాన, అన్నీ అందులో ఉన్నాయి. అయితే యూరియాకు తెలియని పని ఒకటి ఎరువుకు తెలుసు. నెర్రెలు విచ్చే నేలను గుల్లగా చేసి, పడిన వానను పట్టి ఉంచడం. వాడి చేలో తగులబెడుతున్న పత్తి కట్టె ఆ పనికి వచ్చే సరుకు. దానిని నలగగొట్టి పేడతో కలిపి, పొలం గట్టునే కుప్ప వేయమన్నాను. “మనుషులేరి అన్నయ్యా?” అన్నాడు. ఆ ప్రశ్నకు నా వద్ద నేటికీ సమాధానం లేదు. హోవార్డ్ క్షేత్రంలో కూలీలున్నారు, బండ్లబాట ఉన్నది.

అప్పుడు అమ్మ ఒక మాట అన్నది. “చేను మొత్తానికి ఎందుకురా, నారుమడికి వెయ్యండి.”

ఆ ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ఎకరం మిరపకు కావలసిన నారు ఒక సెంటు మడిలో పెరుగుతుంది. సెంటంటే నలభై చదరపు మీటర్లు. నా నూటయాభై కిలోలు రెండెకరాల నారుమడికి సరిపోతాయి. మడిని ఎత్తుగా చేసి, జల్లించిన ఎరువు కలిపి, వరుసలలో విత్తితే ఆరువారాలకు నారు అందుతుంది. నేడు చాలామంది వలనీడ నర్సరీలలో పెంచిన నారును కొంటున్నారు. మా తమ్ముడు ఒక మడికి నా ఎరువు, మరొక మడికి ఎప్పటి పద్ధతి అని రెండుగా విడగొట్టి విత్తాడు. నాపై నమ్మకంతో కాదు, నన్ను ఓడించడానికి.

నారు పీకేనాడు నేనూ వెళ్ళాను. ఎరువు మడిలో మట్టి పొడిపొడిగా విడిపోయి వేళ్ళు తెగకుండా వచ్చాయి. రెండవ మడిలో మట్టి గడ్డలుగా వేళ్ళను పట్టుకొని లేచింది. తమ్ముడు రెండు మొక్కలను పక్కపక్కన పట్టుకొని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. కట్టలు కట్టి నాటుకు తీసుకువెళ్ళాడు.

మరుసటి వేసవిలో, తొలకరికి నెలరోజుల ముందు, రెండు ఖాళీ టిక్కీలు బండికి కట్టుకొని గుంటూరు వచ్చాడు. నేను ఎదురు వెళ్ళేలోపే పెరటిలోకి నడిచి, తొట్టి మూత తీసి, మోచేతి వరకు చేయి దూర్చి గుప్పెడు బయటికి తెచ్చాడు. పిండి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకొన్నాడు.

“అడుగున ఇంకా పచ్చిగా ఉంది అన్నయ్యా. ఇంకొకసారి తిరగెయ్యాలి. పార ఎక్కడ పెట్టావు?” అన్నాడు.

అభ్యాసం

1. ‘ఎరువు’ అనే పదానికి గల రెండు అర్థాలను రచయిత సేద్యానికి ఎలా అన్వయించారు?
2. కుడితి గోళెం, పత్తి కట్టె కనుమరుగైన క్రమాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
3. రచయిత మొదటి ప్రయత్నం విఫలం కావడానికి కారణాలేవి? తల్లి చెప్పిన మాటలలోని శాస్త్రాన్ని తెలపండి.
4. తిరగవేయడానికీ కెలకడానికీ గల భేదమేమి?
5. “మనుషులేరి అన్నయ్యా?” అన్న ప్రశ్నకు మీ ఊరి పరిస్థితులను బట్టి సమాధానం రాయండి.
6. విడదీసి సంధి పేరు రాయండి: స్వానుభవం, సూర్యోదయం, అత్యధికం.